వెంట్రుకవాసి

నొప్పి ఎక్కడని అడిగాడు డెరిక్.
మోకాలు చూపించాను.
మోకాలూ నొప్పే, అబద్ధం కాదు.
అసలు నొప్పి ఉన్న చోటికి మా భాషలో ఉన్న మాట
మా ఇంట్లో పిల్లల్ని తన్నేటప్పుడు తప్ప
పైకి అనేవాళ్లు కాదు.
వాళ్ల భాషలో మాట తెలుసు గానీ
డెబ్భై దాటిన మనిషి ముందు నోరు రాలేదు.

"కూర్చునే చోటా?" అన్నాడు తనే,
పానా తుడుచుకుంటూ,
వానొస్తుందా అన్నంత మామూలుగా.

హల్ ఊళ్లో కొండల్లేవు. గాలి ఉంది.
హంబర్ మీంచి బురదవాసన మోసుకొచ్చి
బెవర్లీ రోడ్డు పొడుగునా ఎదురు నిలబడుతుంది.
తెల్లారకుండా అయిదింటికి ఆస్పత్రి ల్యాబులో
రక్తం సీసాలు నాకోసం కాచుక్కూర్చుంటాయి.
మొదటి బస్సు ఆరుంబావుకి.
అందుకని యాభై రెండో ఏట
నలభై పౌన్లకి ఈ ఆకుపచ్చ సైకిలు.

దీని పాతామె ఎవరో పొడగరి.
సీటు గొట్టం మీద ఆమె ఎత్తుకి
మేకుతో గీసుకున్న గీత ఉంది.
నెల్లాళ్లు ఆ గీతనే నమ్ముకుని
లైటు పడ్డ ప్రతి చోటా
కొంగలా ఒంటికాలి వేళ్ల మీద నిలబడ్డాను.
ఆనక విసుగొచ్చి అడుక్కంటా దించేశాను.
పీట మీద కూర్చుని తొక్కినట్టు
మోకాళ్లు పొట్టలోకి వచ్చేవి.

ఒకప్పుడు చేపలకి పొగబెట్టిన షెడ్డు డెరిక్‌ది.
గోడలు ఇంకా ఆ వాసన మర్చిపోలేదు.
సైకిల్ని గోడకి ఆన్చి ఎక్కమన్నాడు.
మడమ పెట్టు, పెడల్ని కిందికంటా తొక్కు,
కాలు తిన్నగా రావాలి, తుంటి ఊగకూడదు.
రెండు మిల్లీమీటర్లు పైకి.
దిగు.
ఎక్కు.
ఇంకొక్కటి.

ఆయన మిల్లీమీటర్లని లోపల్లోపల
నువ్వుగింజల్లోకి మార్చుకుంటున్నాను.
వెంట్రుకవాసి అంటే మాటవరసకి అనుకున్నాను ఇన్నాళ్లూ,
దాన్ని బిగించడానికి పానా ఉందని తెలీదు.

తర్వాత ఒక అట్టముక్క తెచ్చాడు,
టీవీ పెట్టెలోంచి చింపింది.
బల్ల మీద పరిచి కూర్చోమని
తను అటు తిరిగి ఎవరిదో చైనుకి నూనె వేశాడు.
లేచి చూస్తే
అట్ట మీద రెండు గుంటలు,
మెత్తటి మట్టిలో చింతగింజలు నొక్కినట్టు.

ఇవి నీ ఎముకలు, అన్నాడు స్కేలు పెట్టి.
నూట ముప్పై నాలుగు.
వీటి మీద కూర్చోవాలి నువ్వు.
ఇన్నాళ్లూ కూర్చుంటున్నది వీటి మధ్య.

నలుగు పెట్టిన అమ్మమ్మ చెప్పలేదు వీటి గురించి.
రైలు బోగీలో చెక్కబల్ల మీద పగలూ రాత్రీ వీటి మీదే,
పిల్లాడికి జ్వరమొస్తే ఒళ్లో వేసుకున్నదీ వీటి మీదే,
ఆపరేషన్ గది బయట ఇనప కుర్చీలో
ఎవరూ తలుపు తీయని ఆ పదకొండు గంటలూ.
పేరడక్కుండా మోయించుకున్న కూలీలిద్దరి మొహాలు
ఇవాళ అట్టముక్క మీద చూశాను.

వెడల్పు సీటు మార్చాడు.
ముక్కు కొంచెం కిందికి వంచమన్నాను.
వద్దు, జారి చేతుల మీద పడతావ్,
రేపు మణికట్లు పట్టుకుని వస్తావ్ నా దగ్గరికి.
తను సైకిలెక్కి ఆరేళ్లయిందట.
తుంటి మార్చారు, స్టీలుది.
దానికి మాత్రం బోల్టు లేదు, అని నవ్వాడు.

గీసుకోమని మేకు ఇచ్చాడు.
గీయబుద్ధి కాలేదు.
జేబులో ఉన్న ల్యాబు టేపు చుట్టి
అలవాటు కొద్దీ తారీఖు వేశాను.
పాతామె గీత గొట్టం లోపలికి
మూడు వేళ్లు దిగిపోయింది.
పోలేదు, చీకట్లో ఉంది.

ఇవాళ ఎదురుగాలిలో పదకొండు నిమిషాలు.
మోకాళ్లు నోరెత్తలేదు.
కుడి పక్క మాత్రం ఇంకా
నువ్వుగింజంత.
శనివారం వెళ్లి చెప్పాలి డెరిక్‌కి,
ఈసారి మోకాలు చూపించకుండా.